ఆకు మీది బంక, పట్టు మీది ఎరుపు



మీ ఇళ్ళలో, మిద్దె మీదనో వరండాలోనో, దళసరి ఆకుల మొక్కలు రెండు మూడైనా ఉండే ఉంటాయి. కలబంద, రణపాల, ఎడారి గులాబీ, ఈమధ్య బెంగుళూరు వెళ్ళినవాళ్ళందరూ తెచ్చుకుంటున్న జేడ్ మొక్క, ఇలాంటివి. రెండు రోజులు నీళ్ళు పోయడం మరచిపోయినా ఇవి మన మీద అలగవు. మా హిందూపురంలాంటి నీటి కరువు ఊళ్ళకు ఇంతకన్నా తగిన మొక్కలు లేవు. అటువంటి మొక్క ఆకు మీద దుమ్ము తుడుద్దామని చెయ్యి వేస్తే ఒకనాడు వేలికి బంక తగులుతుంది. పాకం చుక్కలు పడి ఆరిపోయినట్టుంటుంది. కింద గచ్చు కూడా జిగటే. పైగా చీమలు బారులు తీరి ఉంటాయి. మనమేం చేస్తాం? చీమలే ఈ పని చేశాయనుకుంటాం. ఇంట్లో ఏ మందు చేతికందితే ఆ మందు తెచ్చి బుస్సున కొట్టేస్తాం.

నేనూ అదే చేశాను. నాలుగేళ్ళ కిందటి మాట ఇది.

మా ఇల్లు ఊరి శివారులో ఉంది. పక్కింటావిడను నేను పిన్నమ్మా అని పిలుస్తాను. వాళ్ళు వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు పెంచుతారు. తోటలో కోసుకొచ్చిన మల్బరీ ఆకును తడి గోనెపట్టా కప్పి మా మెట్ల కింది నీడలో ఉంచుకోవడం వాళ్ళకు అలవాటు. ఆ సాయంత్రం నేను జేడ్ మొక్క కుండీని ఆ మెట్ల దగ్గరే పెట్టుకుని దోమల మందు కొట్టాను. ఆకు అక్కడ ఉందన్న ధ్యాసే నాకు లేదు. పురుగులప్పుడు నాలుగో జ్వరం లేచి, అంటే చివరిసారి కుబుసం విడిచి, ఆవురావురుమని మేసే దశలో ఉన్నాయి. మరునాడు పొద్దున చూస్తే ఒక వరుస తట్టల్లో పురుగులు ఆకు ముట్టకుండా తల పైకెత్తి ఊపుతున్నాయి. నోటి నుంచి పచ్చని నీరు. మధ్యాహ్నానికి మెత్తబడి పోయాయి. పంటలో దాదాపు మూడోవంతు పోయింది.

పిన్నమ్మ నన్ను తిట్టలేదు. "యాలమ్మా మందు కొట్టినావు? ఆకు ఈడ పెట్టింటిమి గదా" అంది అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. డబ్బిస్తే తీసుకోనంటే తీసుకోనంది. తరువాతి పంటకు గుడ్లు కొనడానికని బలవంతం చేసి కొంత చేతిలో పెట్టాను.

ఆ రోజు పురుగులను చూడడానికి వచ్చిన పట్టుపరిశ్రమ శాఖ అబ్బాయి నా కుండీని కూడా చూశాడు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి ఆకు మొదట్లో పెట్టి నన్ను చూడమన్నాడు. తెల్లని దూదిలో కూరుకుపోయి, నువ్వుగింజలో సగం కూడా లేని మెత్తని పురుగులు కనిపించాయి. "పిండినల్లి ఇది. మల్బరీకి పట్టినా మేము ఆ మందు కొట్టనీయం మేడం" అన్నాడు. ఆ చిన్న పురుగు గురించి తెలుసుకుందామని అప్పటినుంచి గ్రంథాలయాలలో చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ అది నా కుండీలోంచి మా అత్తగారి పెళ్ళిచీర దాకా, పెనుకొండ గుట్టల దాకా, అక్కడి నుంచి మెక్సికో దాకా పాకింది. ఆ కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

ముందు ఈ బంక ఏమిటో తెలియాలి గదా. పిండినల్లి, పొలుసు పురుగు, పేనుబంక, ఇవన్నీ మొక్క రసం పీల్చే జాతులు. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి పట్టే మాంసకృత్తుల సారం బహు తక్కువ. నీళ్ళ మజ్జిగ తాగి కడుపు నింపుకోవాలంటే ఎన్ని చెంబులు తాగాలి? అలాగే ఈ పురుగు ఆ కొంచెం సారం కోసం తన ఒంటికి మించిన రసం పీల్చి, అక్కరలేని చక్కెరనంతా వెనకనుంచి చుక్కలుగా వదిలేస్తుంది. ఆకు మీద మనకు తగిలే బంక అదే. రైతులు తేనెబంక అంటారు. చీమలు వచ్చేది ఆ తీపి కోసమే. అవి దొంగలు కావు, గొల్లలు! మనం ఆవును సాకినట్టు అవి ఈ పురుగులను సాకుతాయి, శత్రువులు వస్తే తరుముతాయి, కొన్నిసార్లు ఒక మొక్క మీదనుంచి ఇంకో మొక్క మీదికి మోసుకుపోతాయి కూడా. బంక మీద కొన్నాళ్ళకు నల్లని బూజు పరుచుకుంటుంది. దాన్ని మసి తెగులు అంటారు. అది ఆకును తినదు గాని, ఎండను తగలనీయక మొక్కను నీరసపరుస్తుంది.

బంక కనబడగానే పురుగు అని తీర్పు చెప్పడానికీ లేదు సుమండీ. కుండీ పైన మామిడి కొమ్మ ఉంటే పూత కాలంలో తేనెమంచు పురుగు వదిలిన బంక కింద ఉన్న మొక్కలన్నిటి మీదా రాలుతుంది. తప్పు పైవాళ్ళది, మందు కిందివాళ్ళకు. కొన్ని జెముడు జాతులు పురుగేదీ లేకుండానే ముళ్ళ మొదళ్ళలో తేనె ఊరిస్తాయి. కలబంద పూసినప్పుడు పూల నుంచి తేనె కారి ఆకు మీద పడుతుంది. జేడ్ ఆకు అంచుల్లో తెల్లని చుక్కలు కనిపిస్తే పట్టి చూడండి. జిగట లేకుండా పొడిగా రాలితే అది మొక్క నీటితో పాటు బయటికి పంపిన ఉప్పు మాత్రమే.

కనుక నేనిప్పుడు చేసేదేమిటంటే, బంక ఉన్న ఆకును తడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, కుండీని ఇంకో చోట పెట్టి, కింద తెల్లకాగితం పరిచి రెండు రోజులు వదిలేస్తాను. బంక మళ్ళీ రాకపోతే పైనుంచి పడింది. వస్తే పురుగు ఈ మొక్కలోనే ఉంది. అప్పుడు ఆకు కాడను అంటిపెట్టుకున్న సందులు, ఆకు అడుగులు, కాండం మట్టిలో దిగే చోటు చూడాలి. దూది కనిపిస్తే పిండినల్లి. గోధుమరంగు చిప్ప బొడిపెల్లా ఉండి, గోటితో గీకితే ఊడి వస్తే పొలుసు పురుగు. పైన ఏమీ లేక మొక్క ఊరికే వాడిపోతుంటే ఒకసారి కుండీనుంచి పెకలించి వేళ్ళు చూడండి. కొన్ని పిండినల్లులు వేళ్ళ మీదనే కాపురం పెడతాయి.

ఇక కథలోకి వద్దాం. ఈ రసం పీల్చే పొలుసు పురుగుల వంశంలో ఒకదాన్ని మన పూర్వులు వేల ఏళ్ళుగా ఎరుగుదురు. లక్క పురుగు! అథర్వవేదంలో లాక్షను గురించి ఒక సూక్తమే ఉంది. పాండవుల లక్క ఇల్లు సరే సరి. లక్క పురుగు కూడా మోదుగు, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద కూర్చుని రసం పీల్చి, తేనెబంక వదులుతూ, ఒంటిచుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూటి నుంచి వచ్చేది గాజులకూ సీళ్ళకూ వాడే లక్క. దాన్ని కడిగిన నీటి ఎరుపే పాదాలకు పెట్టుకునే లత్తుక. నూలుబట్టకు ఎరుపు చిరివేరుతో ఎక్కేది గాని, పట్టుకు ఎరుపంటే మన దేశంలో ఎక్కువగా లక్కే. ఈ పురుగు జీవితాన్ని శ్రద్ధగా గమనించి రాసిన తొలి ఐరోపా వారిలో ఒకరు మన తెలుగునాట కూర్చునే రాశారు. సామర్లకోటలో కంపెనీ తోట చూస్తూ ఉన్న డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ లక్క పురుగు మీద రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మన వంటింట్లో సీలుకు వాడిన లక్క వెనక ఇంత చదువు ఉందని నాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

అయితే ఆ కాలంలో లోకాన్ని ఊపిన ఎరుపు లక్కది కాదు. మెక్సికోలో నాగజెముడు మట్టల మీద బతికే ఒక పురుగుది. చూడడానికి మన పిండినల్లిలాగే తెల్లని దూది కప్పుకుని ఉంటుంది. పుల్లతో నలిపితే చిక్కని రక్తంలాంటి ఎరుపు. ఆడ పురుగులను ఏరి, ఎండబెట్టి, ఓడలకెక్కించి స్పెయిన్‌వారు ఐరోపా అంతటా అమ్మారు. పౌను బరువు తూగడానికి దాదాపు 70 వేల పురుగులు కావాలట. రాజుల ఉడుపులకూ సైన్యాధికారుల కోట్లకూ అదే రంగు. స్పెయిన్‌వారు ఆ రహస్యాన్ని బంగారం కన్నా భద్రంగా దాచుకున్నారు. 1777లో తియరీ ద మెనన్‌విల్ అనే ఫ్రెంచి ఆయన వైద్యుణ్ణని చెప్పుకుని మెక్సికోలోని వహాకా ప్రాంతానికి పోయి, పురుగులున్న మట్టలను పెట్టెల్లో దాచి దొంగతనంగా తెచ్చాడంటే దాని విలువ మీరే ఊహించుకోండి.

మా అత్తగారు తమ పెళ్ళినాటి ధర్మవరం చీరను పెట్టెలోంచి తీసినప్పుడల్లా "ఇది కిరమంజి రంగే అమ్మాయీ, ఉత్త ఎరుపు కాదు" అనేవారు. ఆ మాట ఎక్కడిదో వెదికాను. పారశీకంలో కిర్మ్ అంటే పురుగు. మన సంస్కృతపు క్రిమికి అక్కచెల్లెలు. అందులోంచి అరబ్బీ ఖిర్మిజ్, ఇంగ్లీషు క్రిమ్సన్, మన కిరమంజి. అంటే పట్టుపురుగు వేసిన దారానికి ఎర్ర పురుగు పేరిట రంగు! ఆ చీరకు అద్దింది నిజంగా పురుగు రంగు కాదులెండి. 1856లో పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రవాడు తారు నుంచి ఊదారంగు తీసిన తరువాత, ఆ శతాబ్దం ముగిసేలోపల రసాయనపు రంగులు పొట్లాలలో మన సంతలకు వచ్చేశాయి. రంగు పోయినా పేరు మాత్రం ఆడవాళ్ళ నోట మిగిలింది.

ఇంగ్లీషు కంపెనీకి సహజంగానే ఈ రంగు మీద కన్ను పడింది. మద్రాసులో కంపెనీ వైద్యాధికారిగా జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు ఉండేవాడు. వైద్యం కన్నా మొక్కల మీదే మక్కువ. 1786లో ఆయనకు మద్రాసు గడ్డి మీద ఎర్రగా నలిగే పురుగొకటి కనిపించింది. ఇంకేముంది, మెక్సికో సంపద మన కాళ్ళకిందే దొరికిందని లండన్‌లోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు పుస్తకంగా కూడా వచ్చాయి. పరీక్షించి చూస్తే అది వేరే పురుగు, రంగు ఎందుకూ కొరగానిది. చదువుతుంటే ఆయన మీద నాకు జాలి వేసింది. నేను చీమలను చూసి చేసిన తప్పే అది. కాకపోతే ఆయనది కంపెనీ ఖర్చుతో చేసిన తప్పు.

ఆండర్సన్ అంతటితో ఊరుకోలేదు. అసలు పురుగు రాకముందే దాని మేత సిద్ధం చేద్దామని సైదాపేటలో జెముడు తోట పెట్టించాడు. దాన్ని చూసేందుకు తన మేనల్లుడు బెర్రీని నియమించారు. ఇంకో సంగతి, మద్రాసు రాజధానిలో మల్బరీ మొక్కలు పంచిపెట్టి పట్టుపురుగులు పెంచమని పోరినదీ ఆయనే. అదే కాలంలో అటు మైసూరులో టిప్పు సుల్తాను కూడా బెంగాలు నుంచి పట్టుపురుగులు తెప్పించాడు. మా హిందూపురం, మడకశిర వైపు మల్బరీ చేరింది మైసూరు సీమ పొరుగువల్లనే. అంటే మా మెట్ల కింద పక్కపక్కన పడి ఉన్న నా కుండీకీ, పిన్నమ్మ ఆకు మూటకూ రెండువందల ఏళ్ళ నాటి చుట్టరికం ఉందన్నమాట.

1795లో కెప్టెన్ నీల్సన్ అనే ఆయన బ్రెజిల్‌లోని రియో రేవులో ఆగినప్పుడు జెముడు మట్టల మీద ఎర్ర పురుగులను చూసి, కొన్నిటిని ఓడలో పెట్టుకుని కలకత్తా చేర్చాడు. ప్రయాణంలో చాలా చచ్చి కొన్నే మిగిలాయి. అప్పటికి సామర్లకోట విడిచి కలకత్తా తోటకు అధికారి అయిన మన రాక్స్‌బర్గ్ చేతికే అవి వెళ్ళాయి. అక్కడినుంచి మద్రాసుకూ వచ్చాయి. పురుగులు బాగానే పెరిగాయి. అవసరానికి మించి పెరిగాయి. కానీ రంగు పలుచన. ఎందుకంటే అది మెక్సికోవారు పెంచే మేలుజాతి కాదు, దాని అడవి బంధువు. తెచ్చినప్పుడు ఆ తేడా గుర్తించలేదు. పేరు కూడా తప్పుగానే చాలాకాలం చెలామణి అయింది. కంపెనీ ఎర్ర బంగారం కల అంతటితో చప్పబడిపోయింది.

పురుగు మాత్రం మిగిలిపోయింది. మనకు కావలసిన కథ ఇక్కడ మొదలవుతుంది.

నాగజెముడు అన్న పేరు విని అది మన పుట్టు మొక్క అనుకుంటాం. కాదు. అది అమెరికా ఖండం నుంచి ఐరోపా వర్తకుల ఓడలమీద వచ్చింది. మా సరిహద్దు కన్నడంవాళ్ళు పాపాసుకళ్ళి అంటారు. నీళ్ళు అడగదు, మేక కొరకదు, గట్టున పారేసిన మట్ట కూడా వేరు పట్టి చెట్టవుతుంది. చేల గట్లకూ పెరళ్ళకూ కంచెగా జనమే నాటారు. ఆ తరువాత ఎవరూ నాటనక్కరలేకపోయింది. ఈ దేశంలో అప్పటికి స్థిరపడిన జెముళ్ళలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ముళ్ళు తక్కువగా ఉండే ఎత్తయిన రకం. రెండోది గుబురుగా, పచ్చని ముళ్ళతో ఉండే మొండి రకం. బ్రెజిల్ నుంచి వచ్చిన పురుగుకు మొదటి రకమే ఇష్టం. 19వ శతాబ్దంలో అది సోకిన చోటల్లా ఆ రకం జెముడు కుళ్ళి నేలకూలింది. రంగుకోసం తెచ్చిన పురుగు కలుపు తీసే కూలీ అయింది. దక్షిణాన దాన్ని ఆ పనికోసమే వదిలిపెట్టారు కూడా. తెలిసి, కావాలని ఒక పురుగును కలుపు మీదికి తోలడం లోకంలో అదే మొదటిదని శాస్త్రజ్ఞులు రాస్తారు.

రెండో రకాన్ని మాత్రం ఆ పురుగు ముట్టలేదు. ఇంటావిడ ఎదుట ఒక కూర తిని ఒక కూర పక్కకు నెట్టే పిల్లవాడిలా. ఫలితంగా ఆ ముళ్ళ రకం ఎదురులేకుండా బయళ్ళనూ బాటలనూ కమ్ముకుంది. 1926లో సింహళం నుంచి అదే వంశపు ఇంకో పురుగును తెప్పించారు. దీనికి ఆ ముళ్ళ రకమే మేత. అయిదారేళ్ళలో దక్షిణాదిన వేల ఎకరాల జెముడు కరిగిపోయింది. ఆస్ట్రేలియాలోనూ ఆ దశాబ్దంలోనే జెముడును ఒక చిమ్మెట గొంగళి తినేసింది. క్వీన్స్‌లాండ్‌లో బూనార్గా అనే పల్లెవాళ్ళు ఆ చిమ్మెట పేరిట 1936లో ఒక హాలే కట్టుకున్నారు. మనవాళ్ళకు అంత తీరిక ఉన్నట్టు లేదు.

మా జేజిది పెనుకొండ దగ్గర పల్లె. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 దాకా అంతా అనంతపురం జిల్లాయే. వాళ్ళమ్మ చెప్పేదని మా జేజి చెప్పేది, ఒక ఏడు కంచెలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయట. పెద్దదేవరకు కోపమొచ్చిందేమోనని ఆడవాళ్ళు కుండలెత్తి మొక్కుకున్నారట. తరువాత మట్టలు గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, ఒకదాని మీద ఒకటి కూలాయట. వాన పడితే ఊరంతా కుళ్ళు వాసన. ఏ పురుగు, ఎవరు పంపారు అన్నది ఎవరికీ తెలియదు. మగవాళ్ళు కొత్త నేల వచ్చిందని సంతోషించారు. ఆడవాళ్ళకు మాత్రం దడి పోయింది. పెరట్లో పెట్టుకున్న వంకాయ, చిక్కుడు పశువుల పాలయింది. కరువొస్తే ముళ్ళు కాల్చి ఎద్దుకు వేసే మేత కూడా పోయింది. మనం చదివే పుస్తకాలలో ఈ రెండోవైపు లెక్క కనిపించదు. నేను వెదికాను, నాకు కనబడలేదు. జేజి నోటనే విన్నాను.

హిందూపురం నుంచి రైల్లో పెనుకొండ మీదుగా ధర్మవరం పోతూ కిటికీలోంచి చూస్తే, గుట్టల మధ్య ఇప్పటికీ అక్కడక్కడా నాగజెముడు గుబుర్లు కనిపిస్తాయి. మొత్తం పోలేదు. పురుగూ పోలేదు. రెండూ ఒకదాన్ని ఒకటి కనిపెట్టుకుని బతుకుతున్నాయి.

పురుగును పురుగుతోనే అదుపు చేయడం అన్నది అక్కడితో ఆగలేదు. 1898లో కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం ఆస్ట్రేలియా నుంచి ఒక రకం అక్షింతల పురుగును మన దేశానికి తెచ్చారు. మల్బరీకి పిండినల్లి పట్టి చిగుళ్ళు ముడుచుకుపోయే టుక్రా తెగులుకు ఇవాళ తోటల్లో వదిలేది దాన్నే. మందు కొడితే ఆ ఆకు మేసిన పట్టుపురుగు చస్తుంది గనుక రైతుకు ఇంతకన్నా దారి లేదు. 2008లో బొప్పాయి పిండినల్లి అనే కొత్తది కోయంబత్తూరు వైపు కనిపించి, బొప్పాయితో ఆగక మల్బరీ తోటలనూ పాడుచేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి చీమ తలకాయంత కూడా లేని కందిరీగ జాతులను తెప్పించి వదిలితే అది అణగింది. పిన్నమ్మకు ఈ సంగతి చెబితే, "మా తోటలో ఎర్ర అక్షింతల పురుగు కనబడితే మేము పిల్లోళ్ళను పట్టనీయములే" అంది. నేను చదివి తెలుసుకున్నది ఆమెకు ఎప్పుడో తెలుసు.

సరే, మన కుండీ మాటకు వద్దాం. బంక పురుగుదే అని తేలితే మొదట ఆ కుండీని మిగతావాటికి దూరంగా పెట్టండి. బాగా పట్టిన ఆకులు ఒకటి రెండు ఉంటే తుంచి కవరులో కట్టి పారేయండి, పెరట్లో వేయకండి. గట్టి మొక్కయితే కుళాయి ధారతో సందులు కడగవచ్చు. ఆ తరువాత కుండీని గాలి తగిలే చోట ఆరనివ్వాలి, లేకపోతే ఈ జాతులు మొదలు కుళ్ళుతాయి. పుల్లకు దూది చుట్టి ఆస్పత్రి స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క పిండినల్లికి అంటిస్తే దాని మైనపు దూది కరిగి పురుగు చస్తుంది. పొలుసు పురుగును పాత పళ్ళ బ్రష్షుతో గీకి తీయడమే మేలు. ఓపిక పని. రేడియో పెట్టుకుని చేస్తే తెలియదు.

ఎక్కువగా ఉంటే లీటరు నీళ్ళలో చెంచాడు వేపనూనె, అది నీటిలో కలవడానికి కొంచెం మెత్తని సబ్బు వేసి బాగా గిలకొట్టి, పొద్దుగూకిన తరువాత చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. ఒక హెచ్చరిక. ఆకుల మీద బూడిదలాంటి పూత ఉండే మొక్కలకు సబ్బూ నూనే పడవు. ఆ పూత పోతే మళ్ళీ రాదు. జేడ్, రణపాల జాతులకూ సబ్బు ఒక్కోసారి పడదు. ముందు ఒక ఆకుకు పూసి రెండు రోజులు ఆగి చూడండి. ఒక్కసారితో పని అయిపోదు. దూదిలోని గుడ్లు తరువాత పొదుగుతాయి. వారానికొకసారి చొప్పున నాలుగు వారాలైనా చేయాలి. చీమలను ఆపడానికి పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో ఇటుక ముక్క పెట్టి దానిమీద కుండీ ఉంచితే చాలు, కుండీ అడుగు తడవదు, చీమ దాటలేదు. చీమల కాపలా లేకపోతే అక్షింతల పురుగులు వాటంతట అవే వస్తాయి. అలాంటి మొక్కకు ఎరువు, నీళ్ళు ఎక్కువ పోసి ముద్దు చేయకండి. లేత చిగుళ్ళంటేనే ఈ పురుగులకు ప్రీతి.

ఇంట్లో జెముడు కుండీ ఉండి దానిమీద దూది కనిపిస్తే, పుల్లతో కొంచెం నలిపి చూడండి. చిక్కని ఎరుపు వస్తే అది మెక్సికో చుట్టమే. దానికి జెముడు తప్ప వేరే మేత లేదు, మీ జేడ్ మొక్క జోలికి రాదు.

నా జేడ్ మొక్క సగం ఆకులు రాల్చి, ఆరు నెలలకు తిరిగి చిగిర్చింది. పిన్నమ్మవాళ్ళు ఇప్పుడు ఆకు మూటను మా మెట్ల కింద పెట్టడం లేదు, వాళ్ళ గదిలోనే పెట్టుకుంటున్నారు. పెట్టుకోమని నేను రెండుసార్లు అడిగాను. "ఉండనీలేమ్మా" అంది. కిందటి శ్రావణంలో గూళ్ళు అమ్మిన రోజు మాత్రం మార్కెట్టు నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి ధర చెప్పి, మంచినీళ్ళు తాగి పోయింది. పెనుకొండ గుట్ట కింద నుంచి నేను తెచ్చి నాటిన నాగజెముడు కుండీకి ఈమధ్య తెల్లగా దూది పట్టింది. దాన్ని తుడవలేదు. పిన్నమ్మ మనవరాలు బడి నుంచి రాగానే పుల్లతో గీకి, గోళ్ళకు ఎర్రగా పూసుకుని చూపించి పోతూ ఉంటుంది.